ఎస్తోనియా బడుల్లో కంప్యూటర్ విద్య ఎలా నిలదొక్కుకుంది? తెలిసినవారు సహాయం చేయగలరు

ఎస్తోనియాలో చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి నాకు సహాయం చేయగలరు. పల్లె బడుల ఉపాధ్యాయుల కోసం ఆ దేశ అనుభవంపై తెలుగులో ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను.

1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడిన ఆ దేశ జనాభా సుమారు 13 లక్షలే. ఆర్థికంగా ఇంకా కుదురుకోని రోజుల్లోనే, 1996లో ‘టైగర్ లీప్’ పేరుతో బడులకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ అందించే పనికి పూనుకుని, ఉపాధ్యాయుల శిక్షణను కూడా అందులో భాగం చేయడం నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. ప్రభుత్వ శాఖల మధ్య సమాచార మార్పిడికి 2001లో తెచ్చిన ఎక్స్-రోడ్ గురించి, 2005 స్థానిక ఎన్నికల్లో ఇంటర్నెట్ ద్వారా ఓటు వేసే అవకాశం కల్పించడం గురించి కావలసినంత సమాచారం దొరికింది గానీ, బడుల లోపల రోజువారీగా ఏం జరిగిందో చెప్పే వివరాలు దొరకలేదు.

సారెమా, హియుమా వంటి దీవుల్లోని చిన్న బడులకు ఇంటర్నెట్ ఎలా చేరింది? ఖర్చులో స్థానిక పాలనా సంస్థలు ఎంత భరించాయి? అన్నిటికన్నా ముఖ్యంగా, యంత్రం మొరాయిస్తే బాగుచేసే బాధ్యత ఎవరిది? మరమ్మతు చేసే దిక్కులేక కంప్యూటర్ గదికి తాళం పడిన బడులను మన దగ్గర స్వయంగా చూశాను కాబట్టి ఈ ప్రశ్నను ఇంతగా నొక్కి అడుగుతున్నాను. ఆ కాలంలో అక్కడ చదువుకున్న సహోద్యోగులు మీకు ఉంటే, వారిని అడిగి చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.