చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’: పిల్లలకు ఏ ప్రతి వేయాలి?

సెలవుల్లో మా కాలనీ పిల్లలకు ‘ది గోల్డ్ రష్’ సినిమా వేద్దామనుకుంటున్నాం. 1942లో చాప్లినే వ్యాఖ్యానం, సంగీతం చేర్చి మళ్లీ విడుదల చేసిన ప్రతి నా దగ్గరుంది. కానీ ఉడికించిన బూటు మేకులను ఎముకల్లా చాప్లిన్ చప్పరిస్తుంటే ఆ ముఖం చాలదా, ఈ సినిమాకి కథ చెప్పే గొంతు ఎందుకండీ? పైగా ఓడ మీద చివరి ముద్దు కూడా తీసేశారు. నాకు 1925 మూకీయే కావాలి.

కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ 1993లో పునరుద్ధరించిన ప్రతినీ, 2025లో కాన్స్ చిత్రోత్సవంలో వేసిన 4కే ప్రతినీ చూసినవాళ్లున్నారా? బొమ్మలో తేడా ఎంత? టైటిల్ కార్డులు (మధ్యమధ్యలో తెర మీద వచ్చే రాతలు) నేను తెలుగులో చదివి వినిపించాలి, అంత వ్యవధి ఉంటుందా? ఇండియాలో డిస్క్ ఎక్కడ దొరుకుతుంది? పబ్లిక్‌గా వేయడానికి అనుమతి ఎవరినడగాలో కూడా దయచేసి చెప్పండి.