రెక్క పైగాలి, కిందిగాలి ఒకేసారి వెనక కలుస్తాయా? తొమ్మిదో తరగతి పిల్లలకి ఎలా చెప్పాలి?

చాక్‌పీస్:
గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న విమానం ఎలా ఎగురుతుందో నేను చదువుకున్నట్టే చెప్పాను: రెక్క పైన ఉబ్బుగా ఉంటుంది, పైగాలి ఎక్కువ దూరం పోవాలి, కిందిగాలితో పాటే వెనక చేరాలి కాబట్టి జోరుగా పోతుంది, జోరు పెరిగితే పీడనం తగ్గుతుంది, రెక్క లేస్తుంది అని. వెనక బెంచీ వాడొకడు లేచి "సూర్యకిరణ్ విమానాలు తిరగబడి కూడా ఎగురుతాయి కదా టీచర్, అప్పుడు ఉబ్బు కిందికొస్తుంది, పడిపోవాలిగా?" అన్నాడు. బెల్లు మోగింది కాబట్టి బతికిపోయాను. సోమవారం మళ్ళీ అదే క్లాసు, ఏం చెప్పమంటారు?

గాలివాటం:
వాడు అడిగింది కరెక్టే మేడమ్. పైగాలి జోరుగా పోవడం నిజం, అక్కడ పీడనం తక్కువ ఉండటమూ నిజం. తప్పల్లా "ఒకేసారి చేరాలి" అన్న ముక్కలోనే ఉంది. అలా చేరాలని గాలికి రూలేం లేదు, పొగ వదిలి చూస్తే పైగాలి కిందిగాలి కన్నా ముందే వెనక అంచు దాటేస్తుంది. రెక్క గాలికి కాస్త ఏటవాలుగా ఉండి గాలిని కిందికి మళ్ళిస్తుంది, ఆ గాలి రెక్కని పైకి తోస్తుంది. తిరగబడ్డ విమానం కూడా ముక్కు కొంచెం పైకెత్తి ఇదే పని చేస్తుంది. సంక్రాంతి గాలిపటానికి ఏం ఉబ్బుందండీ? చదునైన కాగితమే కదా. దారం ముడి కొంచెం పైకి జరిపి కడితే వాలు తగ్గుతుంది, గాలి గట్టిగా ఉన్న రోజు అలా కడితేనే నిలబడుతుంది. పిల్లలకి ఇది మనకన్నా బాగా తెలుసు.

రిటైర్డ్ లెక్చరర్:
కాగితం ముక్క పెదవి కింద పెట్టి ఊదితే లేస్తుంది చూడండి, దాన్ని బెర్నౌలీ సూత్రానికి, అంటే జోరు పెరిగితే పీడనం తగ్గుతుందన్నదానికి, రుజువుగా చూపించడం కూడా మానేయాలి. అదే కాగితాన్ని నిలువుగా వేలాడదీసి ఒక పక్క నుంచి కిందికి ఊదండి, దాదాపు కదలదు. ఊదిన గాలి జోరుగా ఉన్నంత మాత్రాన దాని పీడనం చుట్టూ ఉన్న గాలి కన్నా తగ్గిపోదు. మొదటిసారి కాగితం వంగి ఉంది, గాలి ఆ వంపు వెంట తిరిగింది, అందుకే లేచింది. 1738లో బెర్నౌలీ రాసినదాంట్లో తప్పేం లేదు, మనమే దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నాం.

మార్కుల మాస్టారు:
ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ పరీక్షలో ఏం రాయమంటారు? నేనైతే "పైన వేగం ఎక్కువ, పీడనం తక్కువ, కింద పీడనం ఎక్కువ" వరకే రాయిస్తా. అది తప్పు కాదు, మార్కులూ పోవు. కలిసే కథ ఒక్కటి ఎగరగొట్టండి చాలు.

గాలివాటం:
టేబుల్ ఫ్యాను, వంటింటి డిజిటల్ కాటా ఉంటే ఇంకా మంచిది. ఇసుక పోసిన సీసాకి పుల్ల గుచ్చి, దాని మీద వంచిన అట్టముక్క అతికించి కాటా మీద పెట్టండి. ఫ్యాను గాలి నేరుగా కాటాకి తగలకుండా ముందు ఒక అట్టపెట్టె అడ్డం పెట్టాలి, లేకపోతే రీడింగు గంతులేస్తుంది. రైట్ సోదరులు 1901లో చేసింది కూడా ఇలాంటిదే, చెక్కపెట్టెలో ఫ్యాను పెట్టి దాదాపు 200 రెక్క నమూనాలు పరీక్షించారు. వాళ్ళ త్రాసు పాత రంపపు బ్లేడ్లు, సైకిల్ చువ్వల తీగతో చేసిందే.

చాక్‌పీస్:
సోమవారం చేశాం. నా కాటా ఇంట్లో పిండి తూచేది, అత్తయ్యగారికి తెలియకుండా పట్టుకెళ్ళాను. ఫ్యాను ఆపి ఉండగా 612 గ్రాములు, ఆన్ చేసి అట్ట కొంచెం వాల్చితే 594, ఇంకా వాల్చితే 588. ఆ వెనక బెంచీ వాడే లేచొచ్చి అట్టని బాగా నిలబెట్టేశాడు, మళ్ళీ 601కి పెరిగింది, సీసా వెనక్కి ఊగింది. వాలు మరీ ఎక్కువైతే పైగాలి రెక్కని అంటుకోకుండా విడిపోతుందని, మామూలు విమాన రెక్కకి 15 డిగ్రీలు దాటితే ఆ ఇబ్బంది మొదలవుతుందని చెప్పాను. "అయితే పైలట్‌కి ఆ డిగ్రీలు ఎలా తెలుస్తాయి టీచర్?" అంటున్నాడు. ఎవరైనా చెప్పండి, గురువారం మళ్ళీ వాళ్ళ క్లాసే.

గాలివాటం:
పెద్ద విమానాల ముక్కు దగ్గర పక్కన చిన్న రెక్కలాంటిది ఉంటుంది మేడమ్, కోడిబొమ్మ గాలికి తిరిగినట్టు తిరుగుతూ గాలి ఏ వాలున వస్తుందో చెబుతుంది. చీపురుపుల్ల, గుండుసూది, కాగితం ముక్కతో వాడిచేతే చేయించండి.