స్ట్రిప్ మీద గీత ముదరడం లేదు, 9 నెలలుగా ఇదే టెన్షన్

భూపాలపల్లి కోడలు:

అక్కలందరికీ నమస్తే. నాకు 27 ఏళ్లు, పెళ్లై రెండున్నరేళ్లు. పుట్టిల్లు పరకాల, అత్తగారిల్లు భూపాలపల్లి. 9 నెలల నుంచి పిల్లల కోసం చూస్తున్నాం. పీరియడ్ నెలనెలా వస్తుంది గానీ ఒక నెల 31 రోజులకు, ఒక నెల 34కు, పోయిన నెల 35కు వచ్చింది. ఫోన్‌లో యాప్ ఉంది, మొదట్లో అందులో 28 రోజులని కొట్టాను, అట్లనే ఉంచేశాను. అది పీరియడ్ మొదలైన 14వ రోజు అండం విడుదల అవుతుందని చూపిస్తుంది.

మూడు నెలల నుంచి మెడికల్ షాపులో అండం విడుదలయ్యే రోజులు చూసుకునే కిట్ తెచ్చుకుంటున్నాను. 10వ రోజు నుంచి పొద్దున లేవగానే మొదటి మూత్రంతో చూస్తాను. డబ్బాలో 7 స్ట్రిప్పులు, 16వ రోజుకు అయిపోతాయి. ఒక్కసారి కూడా రెండో గీత మొదటి గీతంత ముదురుగా రాలేదు. బాత్‌రూం లైట్ కింద కనిపించీ కనిపించనట్టు ఉంటే కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తాను, ఫోటో తీసి పెద్దగా చేసి చూస్తాను, మధ్యాహ్నం మళ్లీ తీసి చూస్తాను. ఒక్కోదాని మీద తారీఖు రాసి బీరువాలో పట్టుచీరల కింద కవర్లో పెట్టాను, అత్తమ్మ కంట పడకుండా.

మా ఆయనది బొగ్గు బాయిల పని, షిఫ్టులు మారుతుంటాయి. యాప్ చెప్పిన రోజు నైట్ షిఫ్ట్ పడితే ఆ రోజంతా నాకు ఏడుపే. పోయిన నెల "ఇవాళే, లీవ్ పెట్టు" అని పోరు పెడితే పాపం పెట్టాడు, ఆ రాత్రి ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోకుండా చెరోవైపు తిరిగి పడుకున్నాం. మొన్న మా ఆడబిడ్డ పాపకు 21వ రోజు చేస్తే పాపను నా ఒడిలో పెట్టి "నీకెప్పుడే" అని నలుగురు అడిగారు. నాకు అసలు అండం విడుదల కావడం లేదా? వరంగల్ పోయి స్కానింగ్ చేయించుకోవాలా? దయచేసి ఎవరైనా చెప్పండి.

సుబేదారి అక్క:

చెల్లీ, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నీ ఒంట్లో ఏదో తేడా ఉందని ఇందులో నాకేం కనబడలేదు, నువ్వు చూస్తున్న రోజులే తప్పు. అండం 14వ రోజే విడుదల కావాలని లేదు, వచ్చే పీరియడ్‌కు దాదాపు 14 రోజుల ముందు విడుదలవుతుంది. నీకు 34 రోజులకు వస్తే 34లోంచి 14 తీసెయ్, 20వ రోజు. 31కి వస్తే 17. నీ స్ట్రిప్పులు 16వ రోజుకే అయిపోతున్నాయి కదా, ఇగ గీత ఎప్పుడు ముదురుతది? 13, 14వ రోజు నుంచి మొదలుపెట్టి, ముదిరేదాకా చూడు. ఒక డబ్బా చాలదు, రెండు తెచ్చుకో.

నాకూ 33 రోజుల సైకిలే. హన్మకొండలో ఫాలిక్యులర్ స్కానింగ్, అంటే అండం ఉండే తిత్తి ఎంత పెరిగిందో చూసేది, చేయించుకున్నప్పుడు 12వ రోజు 11 ఎంఎం ఉంది, 15వ రోజు 15, 18వ రోజు 20, 20వ రోజుకు పోతే పగిలిందన్నారు. నేను 14వ రోజే అయిపోవాలనుకుని అంతకుముందు ఏడాదంతా ఏడ్చినదాన్ని. ఆ నెల నిలవలేదు, ఇంకో నాలుగు నెలలకు నిలిచింది. అన్నీ బాగున్నా ఒక్కో నెల కాదు, అది నీ తప్పు కాదు.

ఇంకోటి, ఆ ఒక్క రోజు కోసం కొట్లాడకండి. అండం ఒక రోజు కూడా ఉండదు, 12 నుంచి 24 గంటలే, కానీ వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా ఉంటాయి. అంటే విడుదలకు ముందు 5 రోజులు, ఆ రోజు కలిపి మొత్తం 6 రోజులు మీ చేతిలో ఉన్నట్టు. ముందు రోజులే మంచివి కూడా. నైట్ షిఫ్ట్ ఉంటే ఏమైంది, పొద్దున వచ్చి పడుకుని లేచాక మనిషి ఇంట్లోనే ఉంటాడు కదా.

కాజీపేట ల్యాబ్ అమ్మాయి:

పైన అక్క చెప్పింది కరెక్ట్. ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి రెండు మాటలు. ప్రెగ్నెన్సీ టెస్ట్‌కు పొద్దున మొదటి మూత్రం మంచిది, ఈ కిట్‌కు కాదు. ఈ కిట్ చూసేది ఎల్‌హెచ్, అంటే అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్. అది చాలామందిలో తెల్లవారుజామున పెరగడం మొదలై మూత్రంలోకి వచ్చేసరికి టైం పడుతుంది. పదింటి తర్వాత ఎప్పుడైనా రోజూ ఒకే టైంకు చూడండి, అంతకుముందు రెండు గంటలు నీళ్లు ఎక్కువ తాగొద్దు. ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో లేత గీత కూడా లెక్కే, ఇందులో మాత్రం రెండో గీత మొదటిదానితో సమానంగా గానీ ఇంకా ముదురుగా గానీ వస్తేనే పాజిటివ్. వచ్చాక ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. డబ్బా మీద రాసిన నిమిషాల్లోనే చూసి పారేయండి. మధ్యాహ్నం మళ్లీ తీసి చూస్తే, ఎండిన స్ట్రిప్ మీద రంగు మారుతుంది, అది చూసి గాబరా పడతారు. ఆ కవర్ తీసి పడేయండి అక్కా.

పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య, ఉన్నవాళ్లకు ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువ ఉండొచ్చు, వాళ్లకు ఈ గీతను నమ్మలేం, స్కానింగే దారి. మీకు రక్త పరీక్షతో తెలుసుకోవాలంటే ప్రొజెస్టిరాన్ ఉంది, అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్ అది. అందరూ 21వ రోజు అంటారు, అది 28 రోజుల వాళ్లకు. మీకు 27వ రోజు దగ్గర, అంటే పీరియడ్‌కు వారం ముందు ఇవ్వాలి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు వేసుకుంటున్నారా? గర్భం నిలవకముందు నుంచే వేసుకోవాలి.

ఒక అన్న, హసన్‌పర్తి:

చెల్లె, మగవాడిని మధ్యలో రాస్తున్నానని ఏమనుకోకు. మా ఇంట్లో ఏడాది పాటు టెస్టులన్నీ నా భార్యకే చేశారు, ఇంజెక్షన్లూ ఆమెకే. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ముందుకు రాలేదు. చివరికి నా వీర్య పరీక్ష చేస్తే మిల్లీలీటరుకు 60 లక్షల కణాలే ఉన్నాయి, 2021 డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం కనీసం 1.6 కోట్లు ఉండాలట. వెరికోసీల్, అంటే వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, ఉందన్నారు, వైద్యం చేయించుకున్నాను, కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర మూడు నెలలు పడుతుంది కాబట్టి ఓపిక పట్టాలన్నారు. ఇప్పుడు మాకు బాబు. ఆ ఏడాది ఆమె పడ్డ సూదులు తలచుకుంటే ఇప్పటికీ బాధే. మీ ఆయనకు చెప్పు, వేడిలో పనిచేసేవాళ్లు ఇది ముందే చూపించుకుంటే మంచిది. ఒక్క పూట పని.

ములుగు వదిన:

నేనైతే స్ట్రిప్పులు మానేశాను. తెల్లబట్ట గుడ్డు తెల్లసొనలా జారుడుగా, వేళ్ల మధ్య సాగేట్టు వచ్చిన రోజులు చూసుకునేదాన్ని. 12వ రోజు నుంచి 24 దాకా రెండు రోజులకోసారి కలిస్తే లెక్కలే అక్కర్లేదు. మేడారంలో ఎత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కుకున్నాను, డాక్టర్ దగ్గరికీ పోయాను, రెండూ చేశాను. అడిగేవాళ్లు ఎట్లయినా అడుగుతారు తల్లీ, పాపను ఎత్తుకోవడం మానకు.

కాజీపేట ల్యాబ్ అమ్మాయి:

వదిన చెప్పింది నెలనెలా వచ్చేవాళ్లకు సరిపోతుంది. 40, 50 రోజులకు వచ్చేవాళ్లు మాత్రం ఇంట్లో లెక్కలు పెట్టుకుని కూర్చోకుండా డాక్టర్‌ను కలవండి. 35 లోపు వయసుంటే ఏడాది, దాటితే ఆరు నెలలు చూసి వెళ్లమంటారు.

భూపాలపల్లి కోడలు:

అందరికీ దండాలు. మూడు నెలల డబ్బులు పోయినా ఫర్వాలేదు, 35లోంచి 14 తీసేసి, 21వ రోజు నుంచి వెనక్కి లెక్కేసి చూసుకుంటే పోయిన నెల సరిగ్గా ఆ రోజుల్లోనే నేను అలిగి పరకాల పోయి ఉన్నాను. రాత్రి ఆయనకు ఈ పోస్ట్ అంతా చదివి వినిపించాను. హసన్‌పర్తి అన్న రాసింది రెండుసార్లు చదవమన్నాడు, ఆదివారం తర్వాత టెస్ట్‌కు పోదామన్నాడు. ఒక డౌట్, శాంపిల్ ఇంటి నుంచి తీసుకుని హన్మకొండ తెస్తే నడుస్తుందా? బస్సులో గంటన్నర పైనే పడుతుంది.

కాజీపేట ల్యాబ్ అమ్మాయి:

వద్దక్కా, గంటలోపు ల్యాబ్‌లో ఉండాలి. ల్యాబ్‌లోనే వేరే గది ఉంటుంది, అక్కడే ఇవ్వమనండి. అంతకుముందు రెండు రోజులు తక్కువ కాకుండా, ఏడు రోజులు దాటకుండా దూరంగా ఉండాలి, లేకపోతే లెక్క తేడా వస్తుంది. ఈ దూరంగా ఉండే రోజులు మీరు కలవాల్సిన రోజుల్లో పడకుండా, మీ 13వ రోజు ఎప్పుడు పడుతుందో చూసుకుని తారీఖు పెట్టుకోండి.