చరిత్రను ‘తిరగ’ రాస్తుందా, ‘పునర్’ లిఖిస్తుందా?

గట్టుమీద: గురజాడ మాట ఒకటి బుర్ర తినేస్తోంది. ‘ఆధునిక మహిళ చరిత్రను తిరగరాస్తుంది’ అనే నాకు గుర్తు. మా ఆవిడేమో ‘పునర్లిఖిస్తుంది’ అని పట్టుబట్టింది. ఏది?

తిరగలి: మూలం ఇంగ్లీషు ఉత్తరం కదండీ, రెండూ తర్వాతి వాళ్ళు చేసిన తెలుగే. నా వరకు తిరగరాయడమే. అందులో ఎదురుతిరగడం కూడా వినబడుతుంది.

పాతసంచిక: ఎదురుతిరగడం ఎక్కడ వినబడిందండీ మీకు? చూచిరాత బాగోకపోతే పంతులుగారు ‘తిరగరాయి’ అనేవారు. అక్కడ తిరుగుబాటేముంది, మళ్ళీ రాసి చావమనడమే.

కంచరపాలెం: మీరు క్రియ పట్టుకుని వేలాడుతున్నారు గానీ అసలు తిరకాసు ‘ఆధునిక’లో ఉంది. 1894 మార్చిలో నార్త్ అమెరికన్ రివ్యూలో సారా గ్రాండ్ అనే రచయిత్రి స్త్రీల సమస్య మీద వ్యాసం రాస్తే, మే నెలలో ఊయిడా (ఈవిడా రచయిత్రే) అదే పత్రికలో వెటకారంగా జవాబిచ్చారు. ‘న్యూ వుమన్’ అన్న పేరు ఊరంతా పాకింది ఆ గొడవతోనే. ఈ రెంటి మధ్య ఏప్రిల్‌లో లండన్ హాస్యపత్రిక పంచ్ ‘డోనా కిహోటే’ (గాలిమరలతో కలబడ్డ డాన్ కిహోటేకి ఆడరూపం) అని బొమ్మ వేసింది: కళ్ళజోడు పెట్టుకున్నావిడ కుర్చీలో కూర్చుని, చుట్టూ పుస్తకాలు, చేతిలో కత్తి ఎత్తినట్టు ఎత్తిన తాళంచెవి. లండన్‌లో అది తిట్టు. మనవాడు ఆ తిట్టునే మెప్పు చేశాడని నా సిద్ధాంతం.

పాతసంచిక: సిద్ధాంతం బానే ఉంది, ఆధారమేదీ? అయినా గురజాడకి పంచ్ ఎందుకండీ, మధురవాణి లేదూ? మగవేషంలో వెళ్ళి సౌజన్యారావు పంతులంతటి వాడితో మాట్లాడొచ్చిన మనిషి!

తిరగలి: అది ‘కన్యాశుల్కం’ 1909 కూర్పు మాస్టారూ. 1897 దాంట్లో మధురవాణి ఇంత మనిషి కాదు.

పాతసంచిక: అందుకే అంటున్నా, గురజాడ తిరగరాసింది మధురవాణినే. మళ్ళీ రాయడమంటే అదీ!

సీసపుటక్షరం: రాయడం సంగతి సరే, అచ్చుకూర్చిందెవరు? 1860లో ఎమిలీ ఫెయిత్‌ఫుల్ లండన్‌లో విక్టోరియా ప్రెస్ పెట్టి ఆడపిల్లల్ని కంపోజిటర్లుగా (అచ్చు అక్షరాలు పేర్చేవాళ్ళుగా) పెట్టుకున్నారు. తమ పనికి ఎసరొస్తుందని మగ కంపోజిటర్లకు ఒళ్ళు మండింది. ఆ పిల్లల బట్టలు పాడవ్వాలని స్టూళ్ళకి సిరా పూసేవారు, కేసుల్లో (అక్షరాలుంచే గళ్ళపెట్టెల్లో) ఒక గడి అక్షరాలు ఇంకో గడిలో కలిపేసేవారు. ‘క’ గడిలో చెయ్యిపెడితే ‘ప’ వస్తే లైను ఏమవుతుందో చేత్తో కూర్చినవాళ్ళకే తెలుసు. ఇంగ్లీష్‌వుమన్స్ జర్నల్‌ని అచ్చువేసింది ఆ ప్రెస్సే, 1862లో ఎమిలీకి రాణిగారి ముద్రాపకురాలన్న బిరుదూ దక్కింది. వ్యాసకర్తల పేర్లు అందరికీ నోటికొస్తాయి, ఈ పిల్లల్ని ఎవరూ తలవరు. కాబట్టి నా ఓటు ‘కూరుస్తుంది’కి.

కంచరపాలెం: ఇది ఓటింగ్ కాదండీ. నా ‘ఆధునిక’ సంగతి ఎవరూ తేల్చలేదు.

తిరగలి: అది తర్వాత. ముందు ఈ ‘మహిళ’ ఎక్కడిది? నేను చదివిన దాంట్లో ‘స్త్రీ’ అనే ఉంది.