పెట్రోలుకు ఏ బొగ్గు మేలు: నైవేలి లిగ్నైటా, సింగరేణి బొగ్గా?

అడయార్ శ్రీనివాస్: మొన్న చెన్నై వేళచ్చేరిలో మనవాళ్లు కలిసినప్పుడు మొదలైన వాదన ఇది. నేను తమిళనాడు నైవేలిలో దొరికే లిగ్నైట్ మేలంటాను. 1927లో జర్మనీలోని లోయ్నాలో బెర్గియస్ పద్ధతిలో, అంటే బొగ్గుకు హైడ్రోజన్ పట్టించి నేరుగా నూనెగా కరిగించి, పెట్రోలు తీసింది లిగ్నైట్ నుంచే. లేత బొగ్గు, త్వరగా విడిపోతుంది.

ఇల్లెందు బిడ్డ: అన్నా, నైవేలి లిగ్నైట్‌లో దాదాపు సగం నీళ్లే. ముందు ఆరబెట్టే ఖర్చు చెప్పండి.

అడయార్ శ్రీనివాస్: ఆరాక లెక్క చూడాలి తమ్ముడూ. సింగరేణి బొగ్గులో కర్బనం ఎక్కువ కాబట్టి నూనె ఎక్కువ వస్తుందనుకుంటున్నావేమో. అన్నిటికన్నా ముదురు బొగ్గైన ఆంత్రసైట్‌లో 90 శాతం పైనే కర్బనం, అయినా అది దాదాపు కరగదు. అందులో హైడ్రోజన్ మరీ తక్కువ.

ఇల్లెందు బిడ్డ: నీళ్ల సంగతి తప్పించుకున్నారు.

మైలాపూర్ లక్ష్మి: లిగ్నైట్‌లో నీళ్లే కాదు, ఆక్సిజన్ కూడా ఎక్కువే. డబ్బు పెట్టి తయారుచేసిన హైడ్రోజన్‌లో చాలా భాగం ఆ ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ నీళ్లవుతుంది. నేరుగా కరిగించాలంటే వోలటైల్స్, అంటే వేడిచేస్తే ఆవిరిగా, గ్యాసుగా పోయే పదార్థాలు, ఎక్కువున్న బిట్యుమినస్ బొగ్గే (లిగ్నైట్ కన్నా ముదురు రకం) మంచిది.

ఇల్లెందు బిడ్డ: నేననేదీ అదే. సింగరేణి!

అడయార్ శ్రీనివాస్: సింగరేణిలాంటి గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ, ఇనర్టినైట్ అనే కరగని భాగం ఎక్కువ. అది బాయిలర్లకే పనికొస్తుంది.

పెరంబూర్ రవి: శ్రీనివాస్ గారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇల్లెందు బిడ్డ: మా నాన్న 31 ఏళ్లు బొగ్గు బాయిలో దిగాడు. ఇక్కడే ఒక ల్యాబ్‌కి నేను ఆ బొగ్గు శాంపిల్ పట్టుకెళ్తే, బూడిద శాతం అడిగి, సంచి విప్పకుండానే పంపేశారు. మీదీ అదే మాట. మరి దక్షిణాఫ్రికాలో ససోల్ కంపెనీ 1955 నుంచి బూడిద ఎక్కువున్న బొగ్గుతోనే పెట్రోలు తీస్తోంది కదా, అదెందుకు రాయలేదు?

అడయార్ శ్రీనివాస్: వాళ్లు బొగ్గును కరిగించరు. ఆవిరి, ఆక్సిజన్ పంపి గ్యాస్ చేస్తారు. దాన్ని శుద్ధిచేసి ఫిషర్-ట్రాప్ష్ పద్ధతిలో నూనెగా మారుస్తారు. గ్యాస్ శుద్ధయ్యాక అది ఏ బొగ్గుదైనా ఒకటే. నేను మొదటి నుంచీ కరిగించడం గురించే మాట్లాడుతున్నాను.

ఇల్లెందు బిడ్డ: నేను పెట్రోలు గురించి మాట్లాడుతున్నాను. మీ శీర్షికలో ఉన్నదీ అదే. గ్యాస్ దారిలోనైతే సింగరేణి బొగ్గు పనికొస్తుందా, రాదా?

అడయార్ శ్రీనివాస్: వస్తుంది. బాయిలర్లకే అనడం నా తప్పు. కానీ ఆ బూడిదంతా వేడెక్కడానికి కూడా బొగ్గే కాలాలి. ఆ ఖర్చు నువ్వు లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇల్లెందు బిడ్డ: తీసుకుంటాను. మీరు నీళ్ల ఖర్చు వేయండి, నేను బూడిద ఖర్చు వేస్తాను.