మామయ్యగారికి భీమిలి చూపించాలి, ఒక్క పూటే టైముంది

ప్రశ్న (మద్దిలపాలెం కోడలు):
వచ్చే ఆదివారం మా మామయ్యగారు రాజమండ్రి నుంచి విశాఖ వస్తున్నారు. సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆర్కే బీచ్ చాలాసార్లు చూశాను, ఈసారి భీమిలి చూడాలమ్మా అంటున్నారు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయాలి. ఏది వదలకూడదో చెప్పండి.

జవాబు (భీమిలి ఊరివాడు):
మాది భీమిలేనండి. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు, నాన్న ఇంజన్ పడవ మీద.

ఏడింటిలోపే మొగ దగ్గరికి తీసుకెళ్లండి. గోస్తని సముద్రంలో కలిసే చోటది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని తొలుచుకుని, తాటిపూడి మీదుగా వచ్చిన నీళ్లు అక్కడికి చేరతాయి. పోటు మీదుంటే సముద్రం ఏట్లోకి ఎగదన్నుతుంది, పాటు మొదలైతే ఏరు లాగేస్తుంది. కాసేపు కూర్చుంటే నీళ్లు ఎటు తిరిగాయో మాస్టారికే తెలుస్తుంది.

తర్వాత సముద్రానికి వీపు పెట్టి పావురాళ్ల కొండ చూడమనండి. పైన బౌద్ధ విహారం ఆనవాళ్లు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. ఎక్కలేకపోయినా ఏం పర్లేదు. మా తాత చూసింది ఆ కొండని కింద నుంచే. ఒడ్డు కనబడనంత దూరం పోయినా కొండ కనబడేదట. అది ఏ చేతి వైపు ఉందో చూసుకుని తెప్ప తిప్పేవాడు. "కొండ మునిగే దాకా పోకూడదురా" అని నాన్నకి చెప్పేవాడు. నాకు భీమిలి అంటే ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

సోషల్ మాస్టారు కాబట్టి డచ్చివాళ్ల సమాధులు తప్పకుండా చూపించండి. మెట్ల బెడద లేదు. 17వ శతాబ్దంలో వ్యాపారానికొచ్చి, 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి పోయారు. కొన్ని సమాధులు మనిషిని మించిన ఎత్తున, పైకి కోసుగా ఉంటాయి. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడైతే కొన్ని చదవొచ్చు. ఊరికి మున్సిపాలిటీ వచ్చింది 1861లో, ఆ సంగతీ చెప్పండి, సంతోషిస్తారు.

తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి తగ్గి ఉన్న కాలంలో, తేలిన ఇసుకని గాలి ఎగరేసి ఇక్కడ పోసింది. వేల ఏళ్లలో ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి రేణువు రేణువుకీ పూతలా అంటుకుంది. గుప్పెడు తీసి అరచేతిలో రుద్దితే చెయ్యంతా ఎర్రబడుతుంది. చూశాక అక్కడే వదిలేయండి, దయచేసి ఇంటికి తేవద్దు.

జవాబు (ఎండాడ):
దిబ్బల్లో గెడ్డలు (వాగులు) కోసిన లోయల్లోకి మాత్రం ఆయన్ని దింపకండి. ఇసుక జారుతుంది, మోకాళ్లకి కష్టం. గట్టు అంచుకి పోకుండా పై నుంచే చూడమనండి.

మద్దిలపాలెం కోడలు:
వెళ్లొచ్చామండి. మొగ దగ్గరే గంటన్నర కూర్చున్నారు, దిబ్బలకి టైము చాల్లేదు. ఒడ్డున నెత్తళ్ల చేపలు ఎండబెట్టే అమ్మతో కబుర్లు పెట్టుకున్నారు. మిమ్మల్ని ఒకటి అడగమన్నారు: రాత్రిళ్లు కొండ కనబడదు కదా, మీ తాతగారు ఎలా వచ్చేవారు?

భీమిలి ఊరివాడు:
లైట్‌హౌస్ దీపం చూసుకుని వచ్చేవాడండి. అదీ కనబడకపోతే చుక్కల్ని పట్టుకుని. మబ్బు పట్టిన రాత్రి మా నాయనమ్మ ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడేదట.