ఎడమ కంటి లెన్సు రావడం లేదు, రెండు గంటలుగా ప్రయత్నిస్తున్నాను

తెలిమంచు (రాత్రి 10:42)
అందరికీ నమస్కారం. ఎడమ కంట్లోని కాంటాక్ట్ లెన్సు ఎంతకూ రావడం లేదు. ఎనిమిదిన్నర నుంచి అద్దం ముందే నిలబడి ఉన్నాను. కుడి కంటిది మొదటిసారికే వచ్చింది. ఎడమ కంటికి మాత్రం, ఏళ్ల తరబడి చేస్తున్నట్టే కంటి కొసను చెవివైపు లాగి రెప్ప గట్టిగా వాల్చి చూశాను. పదిసార్లు చేసినా కదలలేదు. ఆ తరువాత డబ్బాలో ఇచ్చిన, లెన్సుకు అతుక్కొని పట్టే రబ్బరు ప్లంజర్‌ను లెన్సుకు నడిమధ్యన ఆనించి లాగితే, కనుగుడ్డే ముందుకు వస్తున్నట్టు లోపల పీకింది. భయపడి వదిలేశాను. కన్ను ఎర్రబడింది, నీరు కారుతోంది. ఇలాగే పడుకోవచ్చునా, లేక ఇంకా గట్టిగా లాగాలా? దయచేసి త్వరగా చెప్పండి.

పాతకాపు (10:47)
ఏ లెన్సు? అది చెప్పనిదే ఎవరూ జవాబు చెప్పలేరు. అప్పటివరకు ప్లంజర్ ముట్టుకోకండి.

నీటిచుక్క (10:53)
ముందుగా చేతులు ఎలా కడిగారో, ప్లంజర్‌ను దేనితో తడిపారో చెప్పండి. కొళాయి నీటితో తడిపి ఉంటే అదే పెద్ద ప్రమాదం. కొళాయి నీటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. లెన్సు అంచు గీసుకున్న చోటునుంచి అది కార్నియాలోకి (కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర) చేరితే నెలల తరబడి చికిత్స చేయించుకోవలసి వస్తుంది, కొందరికి చూపు కూడా దెబ్బతింటుంది. చేతులు సబ్బుతో కడిగాక నూగు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోవాలి. లెన్సు పెట్టెను సైతం నీళ్లతో తొలచకూడదు. నేను ఈ మాట ప్రతి చర్చలోనూ చెబుతాను, ఇకముందూ చెబుతాను, ఎందుకంటే ఆ నొప్పి నేను అనుభవించాను.

తెలిమంచు (10:58)
చేతులు సబ్బుతోనే కడిగి తుడుచుకున్నాను. ప్లంజర్‌ను తడపలేదు, పొడిగానే వాడాను. ఇక లెన్సు సంగతి: గట్టి లెన్సే, మెత్తది కాదు. ప్లంజర్ అన్నప్పుడే అది అర్థమవుతుందనుకున్నాను. నేను అడిగింది శుభ్రత గురించి కాదండీ, ఎలా తీయాలని.

పాతకాపు (11:00)
గట్టి లెన్సులన్నీ ఒకటి కావు. డబ్బా మీద వ్యాసం ఎంతని ఉంది? పెట్టుకొనే ముందు లెన్సులో సెలైన్ నింపారా?

తెలిమంచు (11:06)
16.5 అని ఉంది. అవును, గిన్నెలా నిండా సెలైన్ పోసి, ముఖం నేలవైపు వంచి పెట్టుకుంటున్నాను. నాకు కెరటోకోనస్ ఉంది, అంటే కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వచ్చింది. పాత లెన్సు నిలవడం లేదని గత వారమే వీటికి మార్చారు. ఆసుపత్రిలో తీయడం ఒక్కసారి చూపించారు, ఆ హడావిడిలో నాకు సరిగా గుర్తులేదు. గట్టి లెన్సు గట్టి లెన్సే కదా, పాత పద్ధతే పనికివస్తుందనుకున్నాను.

రేగడి (11:17)
ఇప్పుడు విషయం తెలిసింది. మీది స్క్లీరల్ లెన్సు. దయచేసి గట్టిగా లాగకండి, పడుకోనూ వద్దు.

మీ పాత లెన్సు వ్యాసం తొమ్మిది, పది మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది. అది నల్లగుడ్డు మీదే నిలుస్తుంది, అందుకే కంటి కొస లాగి రెప్ప వాల్చితే రెప్పల అంచు తగిలి ఊడివస్తుంది. స్క్లీరల్ లెన్సు అలా కాదు. నల్లగుడ్డును తాకకుండా వంతెనలా పైనుంచి దాటి, చుట్టూ ఉన్న తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. దాని అంచులు రెప్పల కిందికి పోతాయి కనుక రెప్ప వాల్చడం వల్ల ప్రయోజనం లేదు. పైగా పొద్దున్నుంచి పెట్టుకొని ఉంటే లెన్సు మెల్లగా దిగబడి, లోపలి ద్రవంతో కలిసి గాజుపలకకు అంటిన తడి మూతలా పట్టేస్తుంది. నడిమధ్యన పట్టి నేరుగా లాగితే ఆ పట్టు విడదు, ఆ లాగుడంతా కంటిమీదే పడుతుంది. మీకు పీకినట్టు అనిపించింది అదే.

ముందుగా లెన్సు కంట్లోనే ఉందని నిర్ధారించుకోండి. దీపం పక్కనుంచి పడేలా నిలబడితే తెల్లగుడ్డు మీద లెన్సు అంచు సన్నని గుండ్రని గీతలా కనిపిస్తుంది. ఒట్టి కంటిమీద ప్లంజర్ పెట్టడం చాలా ప్రమాదం. లెన్సు కంటి వెనక్కి పోతుందన్న భయం మాత్రం వద్దు. కంటిపొర రెప్పల లోపలికి మడతపడి అతుక్కొని ఉంటుంది, వెనక్కి దారి లేదు.

తరువాత ప్రిజర్వేటివ్ లేని సెలైన్ గానీ కంటి చుక్కలు గానీ నాలుగైదు వేసుకొని, అయిదు నిమిషాలు నిదానంగా రెప్పలార్చండి. ఆపైన పైకి చూస్తూ, కింది రెప్ప మీదుగా, లెన్సు అంచుకు కాస్త దిగువన, వేలికొసతో తెల్లగుడ్డును మెత్తగా నొక్కి వదలండి. అంచు కింద సందు ఏర్పడి ద్రవం లోపలికి పోతుంది. ఒక్కోసారి చిన్న బుడగ జారడం అద్దంలో కనిపిస్తుంది. అది కనిపిస్తే సగం పని అయినట్టే.

ఇక తీయడానికి చిన్న ప్లంజర్ కావాలి, పెట్టుకోవడానికి వాడే పెద్దది కాదు. దాని మొనను సెలైన్‌తో తడిపి, లెన్సు కింది అంచుకు దగ్గరగా ఆనించి, అంటుకున్నదని తెలిశాక ముందుకూ పైకీ, నుదుటివైపు విల్లులా వంచుతూ ఎత్తండి. కింది అంచు ముందు లేవాలి. లేచిందంటే తక్కినది దానంతటదే వస్తుంది.

నీటిచుక్క (11:21)
రేగడి గారు చెప్పింది సరే. శుక్లపటలం మీద బలం పడకూడదన్నదే ముఖ్యం.

తెలిమంచు (11:24)
నాకు గందరగోళంగా ఉంది. శుక్లం అంటే తెలుపు కదా? తెల్లగుడ్డు మీద బలం పడకూడదంటే, వేలితో అక్కడే నొక్కమని రేగడి గారు ఎందుకన్నారు?

అక్షరం (11:28)
శుక్లపటలం అంటే కార్నియా, పాఠ్యపుస్తకాల్లో ఉన్న పదమే అది. తెల్లగుడ్డును, అంటే స్క్లీరాను, దృఢస్తరం అంటారు. నీటిచుక్క గారి వాడుకలో తప్పు లేదు.

రేగడి (11:31)
పుస్తకంలో తప్పు లేకపోవచ్చు, కానీ పారదర్శకమైన పొరకు తెలుపని పేరున్నప్పుడు, పైగా శుక్లాలంటే జనం కంటిపొర జబ్బు అనుకుంటున్నప్పుడు, ప్రమాదంలో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం మంచిది కాదు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు అంటే ఎవరికైనా తెలుస్తుంది. నొక్కవలసింది తెల్లగుడ్డును. లాగుడు పడకూడనిది నల్లగుడ్డుకు.

అక్షరం (11:35)
నల్లగుడ్డు అన్నది కార్నియా కాదు, దాని వెనుక కనిపించే రంగుపొర. ఖచ్చితమైన పదాలు వాడకపోతే మన భాషలో వైద్యం రాయడం ఎప్పటికీ కుదరదు. ఈ పదాలు నేర్పకుండా వదిలేసినందువల్లే ఈ గందరగోళం పుడుతోంది.

పాతకాపు (11:37)
పదాల సంగతి రేపు. తెలిమంచు గారూ, ఆ కంటికి కార్నియా మార్పిడి జరిగిందా? జరిగి ఉంటే ఇంట్లో ప్రయత్నం వద్దు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. జరగకపోతే రెండుసార్లు ప్రయత్నించి ఆపేయండి. తీవ్రమైన నొప్పి గానీ, వెలుతురు చూడలేకపోవడం గానీ ఉంటే అసలు ప్రయత్నించకుండానే వెళ్లండి.

తెలిమంచు (11:40)
మార్పిడి జరగలేదు. చుక్కలు వేసుకొని కూర్చున్నాను.

తెలిమంచు (11:58)
వచ్చేసింది. నొక్కినప్పుడు బుడగ కనిపించింది. రెండోసారి కింది అంచు లేచి, లోపలి సెలైన్ చెంప మీదికి జారింది. ధన్యవాదాలు, పడుకుంటాను.

రేగడి (రాత్రి 12:03)
సంతోషం. ఎరుపు ఉంది గనుక డాక్టరు చూసి సరేనన్నదాకా ఎడమ కంటికి లెన్సు పెట్టకండి. రోజూ ఇలా పట్టేస్తుంటే లెన్సు కొలత బిగువైనట్టే, అది మీ తప్పు కాదు. ఒక సంగతి చెప్పండి: లెన్సు తీశాక చుట్టూ తెల్లగుడ్డు మీద గాడిలా అచ్చు పడిందా? పాత కళ్లజోడు పెట్టుకుంటే చూపు మునుపటిలాగే ఉందా?

వానగాలి (ఉదయం 6:20)
నాది హైబ్రిడ్ లెన్సు, నడుమ గట్టిగా, చుట్టూ మెత్తగా ఉంటుంది. దానికీ ఇదే పద్ధతా?

పాతకాపు (6:41)
కాదు. పొడి వేళ్లతో, మెత్తని భాగాన్ని కింది అంచున గిల్లినట్టు పట్టి తీయాలి. వేళ్లు తడిగా ఉంటే జారిపోతుంది. విడిగా అడగండి.